ఆస్వాదన రుజువు కాలేదు

మానవజాతి నాగరికత ఏ మెట్టు దాకా వచ్చిందో తెలియాలంటే అది గ్లాసును ఎక్కడ పట్టుకుంటుందో చూస్తే చాలునని కృష్ణశిల ఖని సంస్థవారి మర్యాదల విభాగం తీర్మానించింది. (ఈ విభాగం ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. దానికి ఏసీ గది మాత్రం ఉంది.) ఇకమీదట గనిలోకి దిగేవాడు పైన కుర్చీ ఉద్యోగంలోకి రావాలంటే స్వగృహంలో, తగిన భోజనంతో, ముగ్గురు స్నేహితుల సమక్షంలో ఎర్ర వైను రుచి చూసి, ఆస్వాదించినట్టు కనపడాలి.

గోదావరిఖని క్వార్టర్లో రఘుపతి ఈ సర్క్యులర్ చదివి వినిపిస్తే తల్లి సారక్క కూలబడలేదు. అప్పటికే నేల మీద కూర్చుని ఉంది.

సారక్క చదివింది ఏడో తరగతి. భయపడటానికి పైచదువులు అక్కర్లేకపోయాయి. కొడుకు దిగిన ప్రతి షిఫ్టులోనూ గని పైకప్పు ఆమె నెత్తి మీదే ఉండేది. పైన కుర్చీ దొరికితే ఆ కప్పు తొలగిపోతుంది. కాకపోతే కొడుకు నౌకరీలో చేరిన నాడే, వీడు మందు ముట్టకుండా చూడమని పోచమ్మకు మొక్కుకుంది. వాడు ముట్టలేదు. ఏటా ఒక కోడి మాత్రం పోతోంది.

"గేటు కాడ ఊదుడు మిషన్ ఉన్నదిరా. అది కూత పెట్టిందంటే ఉన్న నౌకరీ గూడ పాయె."

"ఆ దినం లీవు పెడత తియ్యే."

లీవు పెట్టడానికి వీల్లేదు. అభ్యర్థి సహజ స్థితి చెదిరిపోతుందట. పొద్దున పరీక్ష, అదే రోజు రెండో షిఫ్టు డ్యూటీ. గేటు దగ్గర మిషన్‌లో మందు జాడ కనపడితే ఉద్యోగం ఊడుతుంది. (రెండు నియమాల కిందా సంతకం ఒక్కరిదే. ముచ్చటైన సంతకం.)

"ఉమ్మొచ్చటనే. పెద్ద పెద్దోళ్లు గూడ నోట్లె తిప్పి ఉమ్ముతరట."

"ఉమ్మేదానికి కొనుడెందుకు?"

రఘుపతి సర్క్యులర్‌ను మళ్లీ మొదటి నుంచి చదివాడు.

పరీక్ష రోజున విభాగం ఉప పరీక్షకులు చక్రపాణి గారు తెల్లచొక్కాతో వచ్చారు. స్నేహితులుగా రఘుపతితో పనిచేసే ఇద్దరు, మెకానిక్ షాబాజ్ కూర్చున్నారు.

"నేను తాగ సార్. తింట," అన్నాడు షాబాజ్.

చక్రపాణి గారు అతన్ని 'ఘనాహార మిత్రుడు'గా నమోదు చేసుకున్నారు. తర్వాత గిన్నెల వైపు తిరిగారు. "ఎర్ర వైనుకి ఎర్ర మాంసమే ఉండాలమ్మా."

"మా కారం పడ్డంక కోడి గూడ ఎర్రగనే ఉంటది సార్. ఇది మేక బోటి. పక్కకు సర్వపిండి. తినుండ్రి, సల్లారితే బాగుండది."

వైనుతో పాటు రఘుపతి కొని తెచ్చిన సన్నకాడ గ్లాసును చూసినప్పటి నుంచీ సారక్కకు ఒకటే భయం. అది విరిగి, చేతి నరం తెగి, దవాఖానకు దారి దొరక్క... అందుకే ఒక ఆటోను ముందుగానే తెప్పించి వాకిట్లో నిలబెట్టింది. ఆటో అతను కూడా బోటి తింటున్నాడు.

"ఏం వాసన వస్తోంది?" అడిగారు చక్రపాణి గారు.

రఘుపతి గ్లాసులో ముక్కు పెట్టాడు. ఏం చెప్పాలో తోచక, రోజూ గనిలో తనకు తగిలే వాసనలే చెప్పాడు. "తడిసిన దుంగ సార్. ఇగ... పాత తోలు బూటు."

అచ్చంగా వైను పుస్తకాల్లో ఉండే మాటలు విని చక్రపాణి గారు పరవశంతో కళ్లు మూసుకున్నారు.

"గీ వాసనకు పైసలు పెట్టుడేందిరా? డ్యూటీ దిగినంక నీ బూట్లు నా షాపు కాడ ఇడువు," గొణిగాడు షాబాజ్.

రఘుపతి ఒక గుక్క తీసుకుని, తిప్పి, తొట్టిలో ఉమ్మాడు. పూటపూటా బొగ్గు దుమ్ము పుక్కిలించి ఉమ్మే నోరు. చుక్క లోపలికి పోలేదు, చుక్క బయట పడలేదు. తల్లి కళ్లతో బతిమాలితే ఒక నవ్వు కూడా నవ్వాడు. (ఆ గదిలో నిజంగా ఆస్వాదించింది షాబాజ్ ఒక్కడే. బోటికి మార్కుల్లేవు.)

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వంకతో సారక్క గేటు దాకా వెంట వెళ్లింది. రఘుపతి ఊదాడు. మిషన్ సున్నా చూపించింది. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కనుక తన ఫోను ఆమె చేతికిచ్చి కిందికి దిగాడు. సారక్క కళ్లు తుడుచుకుని, వాచ్‌మెన్‌కు సర్వపిండి పెట్టి, ఇంటి దారి పట్టింది.

సగం దారిలో ఫోను మోగింది. సంస్థ యాప్ నుంచి సందేశం: "గేటు రీడింగు సున్నా. ఆస్వాదన రుజువు కాలేదు. అభ్యర్థి భూగర్భంలోనే కొనసాగవలెను. పునఃపరీక్ష వచ్చే నెల."

సారక్క చక్రపాణి గారికి ఫోను చేసింది.

"లోపలికే పోని వైనుని ఆస్వాదించాడని ఎలా రాయమంటారమ్మా?"

"లోపటికి పోతే గేటు కాడ నౌకరీ పోతది కద సార్."

"అది గేటు విభాగమమ్మా. మాది మర్యాదల విభాగం." ఆయన గొంతు తగ్గించారు. "బోటి మాత్రం చాలా బాగుంది. పునఃపరీక్షకి కూడా అదే చేయండి."

ఆదివారం సారక్క మిగిలిన సీసాను కొంగు కింద పెట్టుకుని పోచమ్మ గుడికి వెళ్లింది. గద్దె ముందు ఆ వైనునే అమ్మవారికి సాకగా ఎర్రగా ధారపోసి, చేతులు జోడించింది.

"తల్లీ, ఎన్కటి మొక్కు వాపసు తీసుకుంటున్న. పిలగానికి మందు రుచి తెలిసేటట్టు సూడు. మిషన్‌కు మాత్రం తెల్వనియ్యకు. రెండు కోళ్లిస్త."

పక్కింటి సమ్మవ్వ అప్పుడే కల్లు ముంతతో వచ్చింది. "గంతసేపు ఏం మొక్కినవ్ సారక్కా?"

"ఏమున్నదవ్వా. పిలగాని నౌకరీ గురించే."

అందులో అబద్ధమేమీ లేదు.