ఇరవైనాలుగో పేపరు

ఆ ఆదివారం ఉదయం ఆకాశం సముద్రం వైపు తేటగా, కొండ వైపు నల్లగా ఉంది. వాన కురిసేదీ మానేదీ తేల్చుకోలేకుండా ఉంది. పెటెలో మాత్రం తేల్చుకున్నాడు. చర్చి కాగానే భోజనం చేసి, మధ్యాహ్నం లాంచీలో రాజధాని ఆపియా వెళ్ళాలి. సోమవారం నుంచి క్లాసులు.

కంప్యూటర్ సైన్సు పట్టాకు ఇరవైనాలుగు పేపర్లు. ఇరవైమూడు అయిపోయాయి. మిగిలిన ఒక్కటీ కంప్యూటరుది కాదు. ఏ చదువు చదివేవాడైనా రాయక తప్పని 'సమోవా ఆచారాలు'. పుట్టి పెరిగిందే అందులో, మళ్ళీ చదవడమేమిటని పెటెలో దాన్ని మూడేళ్ళుగా వెనక్కి నెట్టుకుంటూ వచ్చాడు. ఆపియాలో ఒక బ్యాంకువాళ్ళు అతని కోసం కంప్యూటర్ విభాగంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. డిసెంబరులోగా పట్టా చూపిస్తే అది అతనిది. లేకపోతే వెనకాల ఇంకొకడు నిలబడి ఉన్నాడు.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం రెండు పేజీలు. కంప్యూటర్ పేపర్లన్నీ పూర్తయ్యాయని మొదటి పేజీ. పట్టాకు ఇంకొక పేపరు బాకీ ఉందని రెండో పేజీ. పెద్దమ్మ సలఫాయి పొద్దున్నే చాపలు దులుపుతుంటే మొదటి పేజీ దొరికింది. ఆమె దాన్ని బైబిల్లో పెట్టుకుని చర్చికి వెళ్ళి పాస్టరు చేతికిచ్చింది.

ప్రార్థన ముగిశాక పాస్టరు ఆ కాగితం పైకెత్తి, "మన ఊరి మొదటి కంప్యూటర్ పట్టభద్రుడు మన పెటెలో" అని ప్రకటించాడు. పాటల బృందం లేచి స్తోత్రం పాడింది. పెటెలో కూడా లేచి పాడాడు. బృందంలో మంద్రస్థాయి పాడే గొంతు అతనొక్కడిదే మరి.

ఇంటికి రాగానే పెద్దమ్మను పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఇంకో పేపరు ఉంది."

"ఒక్కటేగా."

"అది కాకపోతే పట్టా ఇవ్వరు."

"ఇరవైమూడు చదివినోడికి ఒక్కదాని కోసం ఆపుతారేంట్రా? ఇప్పుడేంటి, పాస్టరుగారు దేవుడింట్లో అబద్ధమాడాడని ఊళ్ళో చెప్పొస్తావా? పో, చెప్పిరా. నేనిక్కడే ముసుగేసుకుని కూర్చుంటా."

పెటెలో పెదనాన్న అపెరామోను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన ఆ రోజు ప్రత్యేకంగా కూడిన పెద్దల సభలో ఉన్నాడు. కుటుంబ పెద్దగా పదవి అందుకోనివాడు ఆ నేల తొక్కకూడదు. పెటెలో బయట గులకరాళ్ళ మీద కూర్చున్నాడు. గోడలు లేని ఇల్లు గనక మాటలన్నీ వినిపించాయి. తన గురించే. తాతగారి తుయివాయి పదవి పదకొండేళ్ళుగా ఖాళీగా ఉంది. దాని కోసం నలుగురు దాయాదులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆ నలుగురూ ఈ రోజు ఒక్క పట్టాకు తలవంచి, పదవి పెటెలోకే అన్నారు. పెటెలో రెండుసార్లు దగ్గాడు.

"ఎవరక్కడ?" అన్నాడు పెదనాన్న.

"నేనే పెదనాన్నా. ఒక మాట చెప్పాలి."

"పదవి లేనోడికి ఇక్కడ మాటేంట్రా? తుయివాయివి అయ్యాక తీరిగ్గా మాట్లాడుదువుగాని. పో."

పెటెలో ఆపియా వెళ్ళి మూడు సోమవారాలు క్లాసులో కూర్చున్నాడు. మూడు వారాలకు పదవి కట్టబెట్టారు. సన్న అల్లిక చాపలు పరిచారు, కావా వేరు పానీయం గిన్నె చేతికిచ్చారు. మాట్లాడే హక్కు వచ్చింది. అయితే కొత్త పెద్ద మొదటిసారి నోరు తెరిస్తే చెప్పవలసింది కృతజ్ఞతలే. ఇంకేమన్నా అంటే దాయాదులు నలుగురూ మళ్ళీ లేస్తారు. పెటెలో ఇరవై నిమిషాలు కృతజ్ఞతలు చెప్పాడు.

సభలో ఒక్కో పెద్దకు ఒక్కో స్తంభం. సభ ప్రతి సోమవారం. క్లాసూ ప్రతి సోమవారమే.

"సభలో నీ స్తంభం దగ్గర నువ్వు లేకపోతే ఊరంతా నా మొహం చూస్తది," అన్నాడు పెదనాన్న.

"క్లాసుంది పెదనాన్నా."

"పట్టా వచ్చినోడికి క్లాసేంట్రా?"

పెటెలో ఆరు సోమవారాలు తన స్తంభానికి ఆనుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఎవరి పంది ఎవరి చేమతోటలో పడిందో విన్నాడు. ఆరో సోమవారం మర్నాడు లాంచీలో ఆపియా వెళ్ళి లెక్చరర్ లంగిమా గది ముందు నిలబడ్డాడు. ఆమె హాజరు పట్టీ తీసింది.

"ఆరు క్లాసులు రాలేదు నువ్వు. పరీక్షకి కూర్చోనివ్వరు, తెలుసుగా?"

"సభలో ఉన్నానండి."

"ఏం సభ?"

"మా ఊరి పెద్దల సభ. నేను తుయివాయిని."

ఆమె పట్టీ లోంచి తలెత్తి చూసింది. "ఈ ఆరు వారాలూ చెప్పిన పాఠం అదే. పెద్దల సభ, దాని పద్ధతులు."

"నేనక్కడే ఉన్నానండి."

"ఇక్కడ లేవుగా." కొంచెంసేపు పెన్ను ఆడించింది. "సరే, ఒక పని చెయ్. ఏయే సోమవారాలు కూర్చున్నావో సర్కారు తరఫున ఉండే మీ ఊరి ప్రతినిధితో రాయించి, సంతకం పెట్టించుకురా. ప్రత్యక్ష అధ్యయనం కింద రాసుకుంటా. వచ్చే వారం బుధవారం దాకా చూస్తా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

తర్వాతి సోమవారం సభలో పెటెలో మొదటిసారి తనంతట తాను గొంతు సవరించుకున్నాడు. హాజరైన సోమవారాలు రాసి, ప్రతినిధి సంతకంతో ఉత్తరం కావాలన్నాడు. ఎందుకని అడిగారు. చెప్పాడు.

అందరికన్నా పెద్దవాడు ఈగలు తోలే కుంచెను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"అయితే పట్టా లేదా?"

"ఇంకా లేదండి."

"మరి పాస్టరుగారు చదివిందేంటి?"

"మొదటి పేజీ."

"రెండోది ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉందండి."

పాస్టరు తప్పని అనడానికి లేదు. తొందరపడి తలూపిన సభ తప్పని అంతకన్నా అనడానికి లేదు. రెండు గంటలు ఆలోచించి, తప్పు అపెరామో ఇంటిదని తేల్చారు. జరిమానా ఒక పెద్ద పంది, పది పెట్టెల టిన్ను చేపలు, ఆ మధ్యాహ్నానికల్లా. పదవి మాత్రం తియ్యలేదు. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం ఊరికి మర్యాద కాదు.

"మరి నా ఉత్తరం?" అన్నాడు పెటెలో.

పెద్దాయన ఓపికగా చెప్పాడు. "చూడు తుయివాయీ. జరిమానా వండుకు తిన్నాక ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నోటితో గానీ, రాతతో గానీ. అది నీ మంచికే."

ఊరి ప్రతినిధి మూత తీసిన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పందిని రాళ్ళ పొయ్యిలో కాల్చి, అరిటాకుల మీద చేమదుంపలతో తెచ్చి పెట్టారు. పెద్దలందరూ ఎవరి స్తంభం దగ్గర వాళ్ళు కూర్చుని తిన్నారు. అపెరామో తిన్నాడు. పెటెలో ముందు పదవికి తగ్గ వాటా, వీపు ముక్క, పెట్టారు. అతనూ తిన్నాడు. బుధవారం మాట ఎవరూ ఎత్తలేదు, పెటెలో కూడా.

పంది బాగానే ఉడికింది.