నాలుగూ యాభై

జిల్లా వర్షపాత సవరణల కార్యాలయంలో ఆరేళ్లుగా సాయంత్రం నాలుగూ యాభై అయి ఉంది. గోడ మీది పాత గాజుగొట్టాల గడియారం ఆ నిమిషానే ఆరిపోయింది. అందులో ఐదు కానిదే ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. చేతి గడియారాల్లో ఉండేది సొంత సమయం, అది ఆఫీసులో చెల్లదు. కాబట్టి పదిహేడు మంది సిబ్బందీ అక్కడే ఉంటున్నారు.

టెక్నీషియన్ నాగసుధకి మాత్రం ఈ పద్ధతి ఇబ్బందిగా ఉంది. కూతురు లిఖిత రోజూ కిటికీ దగ్గరికి క్యారేజీ తెస్తుంది. మొదట్లో చువ్వల మీద పిల్ల వేళ్లు మాత్రమే కనిపించేవి. ఇప్పుడు భుజాల దాకా కనిపిస్తోంది. చువ్వల్లోంచి జడ వేస్తే పాపిడి వంకరపోయేది. ఒక్కసారి పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తిన్నగా జడ వెయ్యాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోయేది.

గొట్టాలు బాగానే ఉన్నాయి. వాటిలో అంకెలు వెలగాలంటే నూట డెబ్బై వోల్టులు కావాలి. పాత కరెంటు పెట్టె కాలిపోయాక కొనుగోళ్ల కమిటీ, క్షేమం కదా అని, పన్నెండు వోల్టులది తెప్పించింది. అదెంత క్షేమమంటే, అసలేమీ వెలగలేదు. నూట డెబ్బైకి అనుమతి అడిగితే, ఐదు దాటాక పరిశీలిస్తామని పైనుంచి జవాబొచ్చింది.

నాగసుధ పట్టు వదల్లేదు. పన్నెండుని నూట డెబ్బై చేసే పెట్టె తనే తయారుచేస్తానంది. లోపలికి వెళ్లేది పన్నెండే కాబట్టి నిబంధన తప్పినట్టు కాదని సూపరింటెండెంటు పేర్రాజు గారు ఒప్పుకున్నారు. ఆమె పాడైన ప్రింటరులోంచి తీగచుట్ట ఊడదీసింది. చుట్టలోకి కరెంటు వదిలి ఠక్కున ఆపితే అది ఎక్కువ వోల్టులతో ఎగదన్నుతుంది. అలా సెకనుకి వేలసార్లు ఎగదన్నించి, ఆ కరెంటునంతా కెపాసిటరులో పోగెయ్యాలి. మొదటి కెపాసిటరు పేలి పేర్రాజు గారి మీసం కొస కాలింది. రెండోది ఉబ్బింది. మూడోసారి మీటరు నూట డెబ్బై దగ్గర నిలిచింది.

"ముట్టుకోకండి సార్, చచ్చిపోతారు."

"చస్తే ఐదుకి ముందే వెళ్లినట్టవుద్దమ్మాయ్. సెలవు పెట్టాలి," అన్నారు పేర్రాజు గారు.

గొట్టాలు నారింజ రంగులో వెలిగి నాలుగు సున్నాలు చూపించాయి.

"ఐదు పెట్టేయనాండీ?" అంది నాగసుధ.

ఆయన రిజిస్టరు తిరగేశారు. "ఆఖర్న రాసుంది నాలుగూ యాభై. అదే పెట్టమ్మా."

అందరూ ఆ పది నిమిషాలూ బుద్ధిగా కూర్చున్నారు. ఎంతకీ గడవడం లేదని ఒకరిద్దరు విసుక్కున్నారు. ఐదయ్యాక ఒక రోజు హాజరుకి సంతకాలు పెట్టి, రేపు పదింటికి కలుద్దామనుకుని బయల్దేరారు.

నాగసుధ పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. లిఖిత గుమ్మంలో చదువుకుంటోంది.

"ఇవాళ పెందరాళే వచ్చేశావేంటమ్మా?"

నాగసుధ దువ్వెన తీసింది. పిల్ల అప్పటికే తనే తల దువ్వుకుని ఉంది. రెండు జడలు, తిన్నటి పాపిడి. నాగసుధకి ఏడుపొచ్చింది. అయినా జడలు విప్పి మళ్లీ అల్లింది.

"రేపు కూడా ఐదవుతుందా?" అంది లిఖిత.

"ఎందుకవదూ? నేను చేసిన పెట్టె అది."

లిఖిత తలూపి లేచింది. క్యారేజీ కడిగి, ఎందుకైనా మంచిదని గుమ్మం పక్కనే బోర్లించింది.