ఘానా కండువాలు

ఫ్రిస్కోలో ఆ శనివారం పొద్దున మోహన్ వేసుకున్న ప్రణాళిక చాలా తేలిక. కాఫీ తాగడం, గుమ్మంలోకి వచ్చిన పార్సిల్ విప్పడం, తెలుగు సంఘం సభలో ఇద్దరు పెద్దలకు కండువాలు కప్పడం, ఇంటికొచ్చి నిద్రపోవడం. సంఘానికి అతనే కార్యదర్శి. కండువాలు పోచంపల్లి నుంచి రావాలి. గుమ్మంలో పార్సిల్ ఉంది. మీద ఎవరి పేరుందో చూడటం అతని అలవాట్లలో లేదు.

లోపల రెండు పొడవాటి పట్టీలున్నాయి. జానెడైనా వెడల్పు లేకపోయినా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు గళ్ళతో ధగధగలాడుతున్నాయి. పోచంపల్లి వాళ్ళు డిజైన్ మార్చినట్టున్నారనుకుని సంచిలో పెట్టుకు వెళ్ళిపోయాడు.

అవి ఘానాలో చేమగ్గం మీద నేసిన కెంటే బట్టలు. మోహన్ కూతురు మైత్రి, ఆమె స్నేహితురాలు ఎఫువా కలిసి రెండు నల్లకోట్లు కుట్టారు. వాటి ముందు భాగాన ఈ పట్టీలు కుట్టి, మధ్యాహ్నం డాలస్‌లో కొత్త డిజైనర్ల షోలో చూపించాలి. పట్టీలు ఎఫువా మేనమామ స్వయంగా నేసి పంపినవి. పేరున్న ఒక దుకాణానికి బట్టలు ఎంపిక చేసే ఆవిడ, ఎంతో బతిమాలించుకుని, ఆ షోకి వస్తానని ఒప్పుకుంది.

మైత్రి లేచేసరికి ఖాళీ అట్టపెట్టె మిగిలింది. తండ్రి ఫోను సైలెంట్‌లో ఉంది. స్నేహితురాళ్ళిద్దరూ కోట్లు కార్లో పడేసుకుని సభకి పరిగెత్తారు. వేదిక మీద రిటైర్డ్ టీచర్లు వెంకటస్వామి, శేషమ్మ మెడలో కెంటేలతో ఠీవిగా కూర్చుని ఉన్నారు.

"డాడీ, అది నా క్లాత్," అంది మైత్రి వేదిక పక్కకి చేరి.

చప్పట్లలో మోహన్‌కి వినపడలేదు. "మా అమ్మాయి కూడా పెద్దల గురించి రెండు ముక్కలు మాట్లాడుతుంది," అని మైకు చేతికిచ్చాడు.

టెక్సాస్‌లో పుట్టిన మైత్రి తెలుగులో మనుషులకీ వస్తువులకీ పెద్ద తేడా ఉండదు. ఆమె కండువాలకేసి వేలు చూపించి, "నాకు వీళ్ళిద్దరూ కావాలి. ఇప్పుడే. ఫ్యాషన్ షోకి," అంది.

మోహన్ పొంగిపోయి మైకు అందుకున్నాడు. "డాలస్ ఫ్యాషన్ షోకి మన పెద్దల్ని సెలెక్ట్ చేసింది," అని ప్రకటించాడు. హాలు మారుమోగింది. మైత్రి తేరుకునేలోగా పెద్దలిద్దరూ కారెక్కి సీటుబెల్టులు పెట్టేసుకున్నారు.

దారిలో మైత్రి ధైర్యం కూడదీసుకుంది. "అంకుల్, ఆ కండువా కొంచెం..."

"మంచిగుంది కదమ్మా," అన్నాడు వెంకటస్వామి అంచు నిమురుతూ. "జిందగీ అంతా పిల్లలకు లెక్కలు చెప్పిన. నాకు కండువా కప్పింది మీ నాయినొక్కడే."

మైత్రి ఇక అడగలేకపోయింది. కారు నడుపుతున్న ఎఫువాకి సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది.

"మా దగ్గర కూడా దీన్ని గౌరవంగానే కప్పుకుంటారు," అంది ఎఫువా. "తియ్యొద్దు. కోట్లు కూడా వీళ్ళకే వేసేద్దాం."

షో దగ్గర కుట్టడానికి టైము లేదు. శేషమ్మ తన గాజులకున్న పిన్నీసులన్నీ తీసి, కెంటేలని కోట్లకి పట్టించేసింది. "చీర మీద కోటు చలికాలమంతా వేసుకుంటూనే ఉన్నాను, దీనికి ఇంత హడావిడెందుకమ్మా?" అంది.

అంతవరకూ మోడళ్ళు బస్సు తప్పిపోతుందన్నట్టు నడిచారు. వీళ్ళిద్దరూ ఊరేగింపులో పెద్దల్లా నింపాదిగా నడిచారు. శేషమ్మ మధ్యలో ఆగి నమస్కారం పెట్టింది. జనమంతా లేచి నిలబడ్డారు.

షో అయ్యాక దుకాణం ఆవిడ కోట్లని తిప్పి తిప్పి చూసింది. "ఈ పిన్నీసులు కూడా డిజైనేనా?"

"అదే మెయిన్ డిజైన్," అంది మైత్రి కన్నార్పకుండా.

ఆవిడ అక్కడికక్కడే కోట్లు ఆర్డరిచ్చింది. నేత మాత్రం ఎఫువా మేనమామదే కావాలంది. ఎఫువా వెంటనే ఘానాకి ఫోను చేసి, మేనమామకి సంగతి చెప్పి, ఆయనతో మాట్లాడమని మైత్రికి ఫోనిచ్చేసింది.

అప్పుడే వచ్చిన మోహన్‌కి అసలు సంగతి తెలిసింది. "అయితే అవి ఘానావా? పోచంపల్లి వాళ్ళకి నేత అదిరిందని పొద్దున్నే ఈమెయిల్ పెట్టేశానే," అన్నాడు.

వెంకటస్వామి మాత్రం ఇప్పుడు ఫ్రిజ్ దాకా వెళ్ళినా, అక్కడ ఒక్క క్షణం ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, తిరిగి చూసి వస్తున్నాడు.