ఎలుగుబంటి ఉమ్మడి పేజీ

ఒక పెద్ద అడవిలో, అంటే ఇప్పటిలా రోడ్డుకి అటు నాలుగు చెట్లు ఇటు నాలుగు చెట్లు కాదు, నిజంగానే పెద్ద అడవిలో, ఒక ఎలుగుబంటి తేనె వ్యాపారం చేస్తుండేది.

దాని దగ్గర చెట్టెక్కడానికి ఒక కోతి, కింద పొగ పెట్టడానికి ఒక ముసలి ఏదుపంది ఉండేవి. వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. తేనెపట్టు ఏ చెట్టు మీదుందో పైకి అనకూడదు. తెల్లారగానే ఎలుగుబంటి ముక్కు ఎగబీల్చి నడక మొదలుపెడుతుంది. మిగతా ఇద్దరూ నోరు మూసుకుని వెనకాలే వెళతారు. తాతల నాటినుంచీ అలాగే నడిచింది, తేనె దొరికింది.

ఆ ఏడు సింహం కూతురికి పెళ్లి కుదిరింది. విందుకి తేనంతా ఎలుగుబంటే పొయ్యాలి.

"పెళ్లినాటికి తేనె అందలేదో, నువ్వుంటున్న గుహ తీసుకెళ్లి మా అల్లుడికి ఇచ్చేస్తాను," అంది సింహం. సింహం వేళాకోళాలాడే జంతువు కాదు.

సరిగ్గా అప్పుడే నక్క ఒక సదస్సు పెట్టింది. 'వ్యాపారంలో కలిసి పనిచేసే వెబ్ విద్య' అని గుడ్డ మీద రాయించి రెండు చెట్లకి కట్టించింది. నక్క తన జన్మలో ఏ వ్యాపారమూ చెయ్యలేదు. చేసేవాళ్లకి చెప్పడమే దాని వ్యాపారం.

ఎలుగుబంటి తన ఇద్దరినీ వెంటేసుకుని వెళ్లింది. గుమ్మంలో మెడకి కార్డులు వేశారు, భుజానికి సంచులు తగిలించారు. ఏదుపంది వంతు వచ్చేసరికి సంచులు అయిపోయాయి.

"అయిపోవడమేంటి? నా ముందున్న కుందేలుకి రెండిచ్చారు. నేను చూళ్లేదనుకున్నారా?" అంది ఏదుపంది.

"పోనీలే అత్తా, నీ వీపు మీద ఏ సంచి నిలుస్తుంది? చిల్లులు పడిపోదూ!" అంది కోతి.

అందరూ నవ్వారు. ఏదుపంది ముళ్లు నిక్కబొడుచుకుని పోయి చివరి వరసలో కూర్చుంది. ఇక ఈ మనుషులతో, కాదు, ఈ జంతువులతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది.

నక్క వేదికెక్కింది. "ఇంకా సైగలతో పనిచేసే రోజులేనా ఇవి? ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి పేజీ పెట్టండి. మీ పని వివరాలన్నీ అందులో రాయండి. చేరినవాళ్లెవరైనా తమ ఫోన్లో చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఎంతమంది చేరితే అంత బలం! సాయంత్రంలోగా ఎక్కువమందిని చేర్చుకున్నవాళ్లకి శాలువా!"

శాలువా అనగానే ఎలుగుబంటి ఆగలేకపోయింది. "ఒరే, పేజీ తెరువు. పెళ్లి తేనె సంగతి రాయి. రేపు తెల్లారగానే నల్లమద్ది చెట్టు అని రాయి."

కోతి తల గోక్కుంది. "చెట్టు పేరు పైకి అనకూడదు కదా దొరా?"

"అంటున్నామా? రాస్తున్నాం."

లేళ్లు చేరాయి, ఉడతలు చేరాయి. చాలలేదు. అప్పుడు టీ గ్లాసుల మీద వాలుతున్న తేనెటీగల్లోంచి రాణీగ వచ్చి మర్యాదగా అడిగింది. "మేమూ చేరొచ్చా అండీ?"

"ఎంతమందున్నారమ్మా?"

"ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదండీ. ఇంటిల్లిపాదీ వచ్చేస్తాం."

"రండమ్మా, రండి! ఇది మీ పేజీయే అనుకోండి," అంది ఎలుగుబంటి.

చివరి వరసలో ఏదుపంది గబుక్కున నోరు తెరిచింది. సంచి గుర్తొచ్చి మూసేసింది.

శాలువా ఎలుగుబంటికే వచ్చింది. కప్పుకునే పడుకుంది, కప్పుకునే లేచింది.

తెల్లారి కోతి ఫోన్ చూసింది. "దొరా, చెట్టు మారింది. వాగు పక్కన ఎండు బూరుగు, తొర్రలో అని ఎవరో దిద్దారు."

"చూశావా! తప్పుంటే దిద్దుతారని నక్కగారు చెప్పలా? పద!"

బూరుగు దగ్గర కోతి గాలి పీల్చింది. "తేనె వాసన రావట్లేదే దొరా?"

"ముక్కులు పాతబడిపోయాయిరా. పేజీలో ఉందా లేదా?"

"ఉంది."

ఎలుగుబంటి శాలువా సర్దుకుని తొర్రలో ముఖం పెట్టింది. లోపలున్నవి కందిరీగలు. వాటికి ఫోన్లు లేవు, సదస్సులు తెలియవు. కుట్టడం తెలుసు.

వాగులోంచి లేచేసరికి ఎలుగుబంటి ముఖం గుమ్మడికాయంత అయింది. "తేనెటీగలని చేర్చుకుంటుంటే ఒక్కరైనా వద్దనలేదేం?" అని ఏడ్చింది.

"నాకు సంచి ఇచ్చారా?" అంది ఏదుపంది.

వాపు తగ్గేలోపే పెళ్లి వచ్చేసింది. ఎలుగుబంటి ఉత్త చేతులతో సింహం ముందు నిలబడింది. "ప్రభూ, తేనె..."

"బ్రహ్మాండంగా ఉంది," అంది సింహం మూతి నాక్కుంటూ. "రాణీగ తనే పంపింది. పెళ్లి సంగతి మీ పేజీలో చదివిందట. ఏం కావాలమ్మా అంటే నీ గుహ అడిగింది. పైకప్పు తుట్టె కట్టుకోవడానికి అనువుగా ఉందట. ఇచ్చేశాను. అల్లుడికి వేరే చూస్తాలే."

బయట చెట్టుకింద ఎలుగుబంటి సామాను మూట కట్టుకుంటుంటే నక్క వచ్చింది. "ఇంత చక్కగా పనిచేసిన పేజీ నేనింతవరకూ చూడలేదు. వచ్చే సదస్సులో దీని గురించి నువ్వే మాట్లాడాలి."

ఎలుగుబంటి వాచిన పెదాలు కష్టంమీద కదిపింది.

"శాలువా ఉంటుందా?"

ఇందులో నీతి: బతుకుతెరువుని పదిమందిలో పరిచినవాడికి కప్పుకోవడానికి శాలువా అయినా మిగులుతుంది.