కొత్త కవరులో పాత పరుపు

ఆ ఉదయం పరుపులాయన వేసుకున్న పథకం వినడానికి చాలా తేలిక. ముందు అత్తగారిని ఏదో ఒక వంకతో ఇంట్లోంచి కదిలించాలి. తర్వాత వేడి పెట్టే కంపెనీవాళ్ళు వ్యానులో వస్తారు. గదుల్లో పెద్ద పెద్ద హీటర్లు పెట్టి, తలుపులు బిగించి, మనిషి నిలబడలేనంత వేడి పుట్టిస్తారు. సాయంత్రానికల్లా ఇంట్లోని నల్లులన్నీ గుడ్లతో సహా చచ్చి ఊరుకుంటాయి. ఈ సంగతి ఆయనకూ, ఆయన భార్యకూ, చచ్చిన నల్లులకూ తప్ప మరో ప్రాణికి తెలియకూడదు.

తెలిస్తే ఏమవుతుందో ఆయన చాలాసార్లు ఊహించుకున్నాడు. ఊహించుకున్న ప్రతిసారీ చెమట పట్టింది. బజారులో ఆయనకు పరుపుల కొట్టు ఉంది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో మానేశారు, వీధి వీధంతా పరుపులాయన అనే అంటుంది. ఇరవై ఏళ్ళుగా 'హాయిగా నిద్రపోండి' అని బోర్డు పెట్టుకు కూర్చున్న మనిషి ఇంట్లోనే నల్లులు పడ్డాయంటే ఇక ఆ బోర్డు కిందికి ఎవరొస్తారు? దానికి తోడు అపార్ట్‌మెంట్ సెక్రటరీగారొకరు. పోయిన ఏడాది కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ మంచంలో నల్లి కనిపించిందని ఆయన మీటింగు పెట్టి, శుభ్రత మీద ఉపన్యాసం దంచి, వాళ్ళచేత ఇల్లు ఖాళీ చేయించారు. ఆ మీటింగులో అందరికంటే గట్టిగా తలూపింది పరుపులాయనే.

అత్తగారు చెడ్డ మనిషేం కాదు. చెయ్యి పెద్దది, మనసూ పెద్దదే. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. కొన్నాళ్ళుగా ఆవిడ చేతుల మీద దద్దుర్లు చూపిస్తుంటే ఒంట్లో వేడి చేసిందని ఒకసారి, దోమలని ఒకసారి అల్లుడు సర్దిచెబుతూ వచ్చాడు. ఈ పూట ఇంట్లో ఫ్లోర్ పాలిష్ చేయిస్తున్నామని ఆవిడకీ, అపార్ట్‌మెంటు మొత్తానికీ చెప్పి, ఆవిడని చిన్న కూతురింటికి ఆటో ఎక్కించాడు.

కంపెనీవాళ్ళు ఫోనులో చెప్పిన జాగ్రత్తలన్నీ భార్య ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. కొవ్వొత్తులు, మందులు, స్ప్రే డబ్బాలు, లిప్‌స్టిక్కులు, ఇలా వేడికి పాడయ్యేవన్నీ ఒక సంచిలో పెట్టింది. సొరుగులు లాగి ఉంచింది. బీరువా తలుపులు బార్లా తెరిచింది. మడత పెట్టిన బట్టలన్నీ విప్పి వదులుగా వేలాడదీసింది. వేడి అన్నిటి లోపలికీ పోవాలి, పరుపైనా బట్టైనా గడప దాటకూడదు. వాళ్ళు మరీ మరీ చెప్పినవి ఈ రెండే.

పరుపులాయన ఆ రెండింటికీ నీళ్ళొదిలాడు. కవరు లేని పరుపూ మూత లేని పాలగిన్నే ఒకటేనని ఆయన కొట్టులో రోజూ చెప్పే మాట. ఏ పని మొదలుపెట్టినా ముందు పరుపుకి కవరు తొడగందే ఆయనకు చెయ్యాడదు. కొట్టునుంచి కొత్త కవర్లు తెచ్చి, ఇంట్లో ఉన్న మూడు పరుపులకీ తొడిగి, చుట్టూ టేపు వేసి, చేతి అలవాటుకొద్దీ వాటి మీద కొట్టు స్టిక్కరు కూడా అంటించాడు.

"వాళ్ళు విప్పి ఉంచమన్నారండీ," అంది భార్య.

"ఇరవై ఏళ్ళుగా పరుపులమ్ముతున్నా. నాకు నువ్వు చెప్తావా పరుపుల సంగతి?"

ఆవిడ చెప్పలేదు. చెప్పి లాభం లేదని తెలుసుకోవడంలో ఆవిడకీ ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

హీటర్లకి చోటు కావాలని ఆయన మూడింటినీ ఈడ్చుకొచ్చి బయట వరండాలో గోడకి నిలబెట్టాడు. వరండా కూడా ఇంట్లో భాగమేనన్నది ఆయన వాదన. అంతలో ఫోను మోగింది. వ్యాను గేటు దాకా వచ్చేసింది.

బొమ్మలూ రాతలూ లేని వ్యాను పంపమని ఆయన కంపెనీవాళ్ళని ఎంతగానో బతిమాలుకున్నాడు. వచ్చిన వ్యాను మీద ఒక పక్కంతా నల్లి బొమ్మ ఉంది. దూడంత నల్లి, కాళ్ళన్నీ పైకెత్తి వెల్లకిలా పడి ఉంది. హీటర్ల మేస్త్రీ బండి దిగుతూనే, నల్లుల ఇల్లు ఏ అంతస్తని గొంతెత్తి అడిగాడు. గొంతు తగ్గించడమన్నది ఆయన చిన్నప్పుడు నేర్చుకోలేదు. పరుపులాయన ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసి, వ్యానుని అపార్ట్‌మెంటు వెనక్కి తిప్పించి, స్కూటరు డిక్కీలోంచి కొట్టు బ్యానరు తీసి ఆ బొమ్మ మీద కట్టేశాడు. ఇప్పుడు నల్లి పోయి 'హాయిగా నిద్రపోండి' వచ్చింది. చూసినవాళ్ళెవరైనా కొట్టువారి వ్యానే అనుకుంటారు. తన తెలివికి తనే మురిసిపోతూ మెట్లెక్కాడు.

వరండాలో రెండు పరుపులే ఉన్నాయి. మూడోదాని చోట అత్తగారు నిలబడి ఉంది.

ఆవిడ సగం దారిలో మందుల డబ్బా గుర్తొచ్చి ఆటో వెనక్కి తిప్పించిందట. మందులు సంచిలోకి వెళ్ళిన సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? వచ్చేసరికి వరండాలో కవర్లలో తళతళలాడుతూ మూడు కొత్త పరుపులు, వాటి పక్కన సెక్రటరీగారు.

"పాపం, ఆయన దాన్ని నిమురుతూ నిలబడ్డాడండీ అల్లుడుగారూ. అలా ఆశగా చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మీరే ఇమ్మన్నారని చెప్పి ఒకటి ఇచ్చేశాను. మీ పేరు నిలబెట్టాను," అంది ఆవిడ తృప్తిగా.

పరుపులాయన పరుపుల దగ్గరికి ఉరికాడు. మిగిలిన రెండూ చూసుకుంటే, పోయింది అత్తగారి మంచం మీది పరుపేనని తేలింది. నల్లులు పుట్టి, పెరిగి, సంసారాలు చేసుకున్నది అందులోనే.

"అయినా అంత మెత్తటి పరుపు నాకెప్పుడైనా వేశారా?" అని ఆవిడ వెనకనుంచి అడుగుతూనే ఉంది. ఆయన అప్పటికే పై అంతస్తు మెట్ల మీద ఉన్నాడు.

సెక్రటరీగారింట్లో ఆ పరుపు పడగ్గదిలో మంచం మీద పడుకుని ఉంది. మంచం మీద మరో పరుపు లేదు, దుప్పటి కూడా లేదు. ఇంకోరోజైతే పరుపులమ్ముకునే మనిషి కన్ను అక్కడ ఆగేదే. ఆ తొందరలో ఆయనకు కనిపించింది సెక్రటరీగారి చేతిలోని చాకు ఒక్కటే. ఆయన టేపు కోయడానికి వంగుతున్నారు.

"ఆగండి, ఆగండి. కవరు విప్పకండి," అన్నాడు పరుపులాయన ఆయాసపడుతూ. తర్వాత ఏమనాలో తెలియక, నోటికొచ్చిన మొదటి అబద్ధం ఆడేశాడు. ఆ పరుపు తయారీలోనే లోపం ఉందట, వెంటనే వెనక్కి పంపమని కంపెనీనుంచి కబురొచ్చిందట.

సెక్రటరీగారు చాకు పట్టుకునే పరుపు మీద కూర్చున్నారు. లోపమున్నా ఫరవాలేదన్నారు. స్ప్రింగు పైకి పొడుచుకొస్తుందని పరుపులాయన భయపెట్టాడు. తాము నెమ్మదిగా పడుకుంటామని ఆయన హామీ ఇచ్చారు. రేపు ఇంతకంటే మంచిది స్వయంగా మోసుకొస్తానన్నాడు. రేపటిది రేపు చూద్దాం, ఇవాళ్టికి దీన్ని ఉండనీ అన్నారు. వాడిన పూలకుండీ గుమ్మంలో కనిపిస్తే కేకలేసే మనిషి, లోపమున్న పరుపుని రెండు చేతులా పట్టుకుని వదలనంటుంటే పరుపులాయనకు ఏమీ పాలుపోలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ అబద్ధం ఇంకో పక్కనుంచి పని మొదలుపెట్టింది. సెక్రటరీగారి ఎదురింటి టీచరమ్మ తలుపు తీసి ఉంచే మనిషి. లోపమన్న మాట ఆవిడ చెవిన పడింది. ఆవిడ పడుకునేదీ ఆ కొట్టు పరుపు మీదే. వెనక బాల్కనీలోంచి తొంగి చూస్తే కింద కొట్టు బ్యానరు కట్టిన వ్యాను సిద్ధంగా కనిపించింది. పరుపులు వెనక్కి తీసుకుంటున్నారని ఆవిడ పై వాటాకి చెప్పింది, వాళ్ళు పక్క వాటాకి చెప్పారు. పొరుగువాడి మీద అభిమానంకొద్దీ ఆ అపార్ట్‌మెంటులో చాలామంది ఆ కొట్టులోనే కొన్నారు. ఆ అభిమానమంతా ఇప్పుడు మెట్లమీదుగా కిందికి దిగుతోంది. గోడలకి పరుపులు రాసుకుంటున్న చప్పుడు పరుపులాయనకు లోపలికి వినిపించింది. ఇరవై ఏళ్ళ కొట్టు మెట్టు మెట్టుకీ దొర్లిపోతున్నట్టు అనిపించింది.

జేబులో ఫోను మోగింది. మేస్త్రీ గొంతు గదంతా వినిపించేలా ఉంటే ఫోనుని చెవికేసి నొక్కుకున్నాడు. వ్యానులో ఎవరెవరో పరుపులు పడేస్తున్నారట. వీటన్నిటికీ వేడి పెట్టాలా అని వాళ్ళనే అడగమంటారా అన్నాడు మేస్త్రీ. వద్దు బాబూ వద్దని పరుపులాయన వేడుకున్నాడు. అయితే ఇప్పుడే తలుపులు మూసి పని మొదలుపెట్టనివ్వండి, లేదా ఇంకో ఇంటికి పోతాను, మళ్ళీ వచ్చే నెలదాకా తీరదని చెప్పి అవతల పెట్టేశాడు.

అప్పుడు సెక్రటరీగారి భార్య మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని, ఆగి ఆగి నడిచే మనిషి. గ్లాసు ఆయన చేతికిచ్చి పరుపుని ఒకసారి తడిమి చూసింది.

"దేవుడు పంపినట్టు పంపావు నాయనా. ఇవాళ్టికి కాస్త నడుం వాలుస్తాను. నీ కొట్టు పదికాలాలపాటు చల్లగా ఉండాలి," అంది.

పరుపులాయన గ్లాసు పక్కన పెట్టాడు. ఇంకో అబద్ధం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. స్ప్రింగుల కంటే భయంకరమైనది ఏదో ఒకటి చెప్పి పరుపు లాక్కుపోవచ్చు. కానీ ఆవిడ కళ్ళలోకి చూశాక అది కిందికి దిగలేదు, పైకీ రాలేదు. సెక్రటరీగారి చాకు మళ్ళీ టేపు మీదికి వెళ్ళింది. గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనక మెట్ల మీద పరుపులు మోస్తున్నవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. అందరూ ఉన్నారు.

"అది కొత్తది కాదు సెక్రటరీగారూ," అన్నాడు పరుపులాయన. "మా అత్తగారి పరుపు. లోపమూ లేదు, పాడూ లేదు. దాన్నిండా నల్లులున్నాయి. మా ఇంటినిండా ఉన్నాయి. కింద ఉన్న వ్యాను అందుకే వచ్చింది."

ఇక మీటింగు తప్పదనీ, ఉపన్యాసం తప్పదనీ, రేపటినుంచి కొట్టు షట్టరు ఎత్తే పని కూడా ఉండదనీ ఆయన తలదించుకుని నిలబడ్డాడు. ఉపన్యాసం రాలేదు. తలెత్తి చూస్తే సెక్రటరీగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుని, మోచెయ్యి గోక్కుంటున్నారు.

"ఇకనైనా మీరూ చెప్పండి," అంది ఆయన భార్య. ఆయన రెండో మోచెయ్యి గోక్కున్నారు. ఆవిడే చెప్పింది. "మా ఇంట్లోనూ ఉన్నాయి నాయనా. మా పరుపు పోయిన వారమే దూరంగా పారేయించారు. కొత్తది నీ దగ్గర కొంటే పాతదేమైందని నువ్వడుగుతావట. వేరేచోట కొంటే నీ దగ్గర ఎందుకు కొనలేదని అందరూ అడుగుతారట. అప్పట్నుంచీ ఇద్దరం గచ్చు మీదే పడుకుంటున్నాం."

ఆ మంచం మీద తన పరుపు తప్ప దుప్పటైనా లేదన్నది అప్పుడు కనిపించింది పరుపులాయనకు. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాడు. పోయిన ఏడాది సామాను సర్దుకుని తలొంచుకుని వెళ్ళిపోయిన కింది వాటా వాళ్ళు గుర్తొచ్చారు. సెక్రటరీగారి మొహం చూస్తే ఆయనకూ వాళ్ళే గుర్తొచ్చినట్టున్నారు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. సిగ్గుతో ఇద్దరి మొహాలూ ఒకే రంగులో ఉన్నాయి.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "అయితే మా పరుపులో లోపమేం లేదా?"

"లేదమ్మా. లోపం మా ఇంట్లో ఉంది."

ఆవిడ మెట్లవైపు తిరిగి, ఇంటి గుట్టు ఇంతమందిలో బయటపెట్టుకున్నవాడు పరుపు దగ్గర అబద్ధమాడడులే అంది. మెట్ల మీదివాళ్ళకీ ఆ మాట సబబుగానే తోచింది. దించిన పరుపులు మళ్ళీ ఎవరు ఎక్కిస్తారన్నది ఒక్కటే వాళ్ళ బెంగ. పరుపులాయనా సెక్రటరీగారూ చెరో కొస పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, అన్నిటినీ ఎవరి ఇంటికి వాళ్ళకి చేర్చారు. వ్యాను దాకా పోయినవాటిని మాత్రం మేస్త్రీ కుట్టు కుట్టూ వెతికి చూసి, ఏమీ లేవని తేల్చి వదిలాడు.

ఆ మేస్త్రీయే అత్తగారి పరుపుని మళ్ళీ కిందికి దింపించి, కవర్లలో బిగించిన మూడింటినీ చూసి తల పట్టుకున్నాడు. వీటి లోపలికి వేడి ఎలా పోతుంది, నల్లులకి చలి కోట్లు తొడిగారా అని అపార్ట్‌మెంటంతా వినేలా అడిగాడు. పరుపులాయన భార్య లోపలికి వెళ్ళింది. కత్తెర తెచ్చి మూడు కవర్లనీ ఈ చివరనుంచి ఆ చివరిదాకా చీల్చేసింది. ఆవిడ అంత ఇష్టంగా ఏ పనైనా చెయ్యడం పరుపులాయన ఈమధ్య చూడలేదు. ఆ సాయంత్రంలోపు రెండిళ్ళకీ వేడి పెట్టారు. నల్లులు ఆ ఇంటినుంచి ఈ ఇంటికొచ్చాయా, ఈ ఇంటినుంచి ఆ ఇంటికెళ్ళాయా అన్నది ఎవరూ తేల్చుకోలేదు.

తలుపులు తెరిచాక అత్తగారు తన గదిలోకి వెళ్ళింది. మంచం మీది పరుపుని నొక్కి చూసింది, కుట్లు చూసింది, మళ్ళీ నొక్కింది. పొద్దున్న తను అంతగా మెచ్చుకుని దానం చేసింది దీన్నేనా అని అల్లుడిని నిలదీసింది. అవునన్నాడాయన. ఇన్నాళ్ళూ ఆ దద్దుర్లు వేడి చేసినవి కావన్నమాట అంది. కావన్నాడు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆవిడ అలా ఉండటం చూసి ఆయనకు నిజంగానే భయమేసింది.

"నేను సెక్రటరీగారికి మాటిచ్చాను అల్లుడుగారూ. మీ పేరు మీద ఇచ్చాను," అంది చివరికి.

మర్నాడు పరుపులాయన కొట్టులోంచి రెండు కొత్త పరుపులు అపార్ట్‌మెంటుకి వచ్చాయి. ఒకటి సెక్రటరీగారికి, ఒకటి అత్తగారికి. ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే ఒకే షరతు పెట్టారు, కవరు విప్పి తేవాలని.