తోవ తప్పిన అక్షరాలు

పుస్తకం చదవడానికి కాదు. ఇంత చిన్న విషయం మన పెద్దలకు ఇన్నాళ్లూ తట్టకపోవడమే విచిత్రం! అక్షరాలన్నీ రేషన్ షాపు ముందు జనంలా వరసలో నిలబడితే, పాఠకుడు పాపం చదవక ఏం చేస్తాడు? ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి. ఎంత చాకిరీ! ఆ చాకిరీ తప్పించడానికి పుట్టిందే డిజైనర్ పుస్తకం. దాని మేలు తెలియాలంటే కోదాడ వీరేశం సంగతి వినాలి.

వీరేశం కోదాడలో విత్తనాల దుకాణం నడుపుతాడు. గొర్ల కాపరుల ఇంట పుట్టినవాడు. ఏటా వరి కోతలు కాగానే వాళ్ల నాయన బీరన్న చిలుకూరు పక్కనుంచి మందను తోలుకుని హుజూర్‌నగర్, మిర్యాలగూడ మీదుగా నాగార్జున సాగర్ దాకా నడిచేవాడు. రాత్రి ఏ రైతు పొలంలో మంద పెడితే ఆ పొలానికి ఎరువు, వీళ్లకు తిండిగింజలు. అలాంటి ఒక ప్రయాణాన్ని వీరేశం యాభై దాటాక కూర్చుని రాశాడు. రాసింది లోకం కోసం కాదు, చిలుకూరులో ఉండే అక్క నాగరాణి కోసం.

ఆ ఏడు దారిలో వీరేశానికి జ్వరం వచ్చింది. అప్పటికి వాడు బడి మొహం కూడా చూడలేదు. నాయన మందను వదిలి రాలేడు. అక్కే వాణ్ని వీపున వేసుకుని సాగర్ కాలువ కట్ట మీదుగా హుజూర్‌నగర్ దవాఖానకు మోసింది. మంద వెంట ఇంకో మనిషి కావాలని ఆమెను మూడో తరగతిలోనే బడి మాన్పించారు. తమ్ముడు మాత్రం చదువుకున్నాడు, దుకాణం పెట్టాడు. ఒక్కనాడూ ఆ మాట అక్క దగ్గర ఎత్తలేదు. నోటితో అనడానికి సిగ్గు. రాస్తే కూడబలుక్కుని చదువుకుంటుంది కదా అనుకున్నాడు.

ఈ మోటు కోరికను చైతన్య సరిదిద్దాడు. చైతన్య సూర్యాపేటలో కొత్తగా స్టూడియో పెట్టిన డిజైనర్. అతని గోడ గడియారానికి అంకెలుండవు. అందుకే ఏ పనీ చెప్పిన టైముకు కాదు.

"సార్, ఇది చదివితే అర్థమైపోతోంది," అన్నాడు దిగులుగా.

"అయితే మంచిదే గదా."

"అదే ప్రాబ్లమ్ సార్. అర్థమైతే రీడర్ లేచి వెళ్లిపోతాడు. ఫీల్ అవ్వాలి. మంద నడిస్తే అక్షరాలు నడవాలి. ఎండ కొడితే అక్షరం మాడాలి."

విత్తనాలైతే మొలక చూసి మంచిచెడ్డలు చెప్పగలడు గానీ, ఫీలింగు దగ్గర వీరేశం ఏం వాదిస్తాడు? సరేనన్నాడు.

పుస్తకం వచ్చింది. ఏం పుస్తకమండీ! ఎండ పేజీలో పసుపు కాగితం మీద పసుపు అక్షరాలు. గాలి పేజీలో వాక్యాలు అంచు దాటి ఎగిరిపోయాయి. మిగతా సగం ఎవరి ఇంట్లో పడ్డాయో తెలియదు. మంద పేజీలో అక్షరాలు నలుమూలలా చెల్లాచెదురు. ఇవి మన గొర్లు నాయినా అని వీరేశం చూపిస్తే, బీరన్న కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"మంద గిట్ల చెదిరిందంటే కాపరి పండుకున్నట్టు. నేను ఏనాడు పండుకున్ననో సెప్పు."

ముసలాయన ఆ పూట అన్నం ముట్టలేదు. మామూలు పుస్తకం ఏదైనా మనిషిని ఇంతగా కదిలించగలదా?

ఆవిష్కరణ సభ మిర్యాలగూడలో, రైస్ మిల్లు యజమాని దామోదర్ గారి అధ్యక్షతన జరిగింది. దారి పేజీలో వాక్యాలు మలుపులు తిరుగుతాయి కాబట్టి, సభ సభంతా పుస్తకాన్ని బస్సు స్టీరింగులా తిప్పింది. దామోదర్ గారు తిప్పి తిప్పి అలసి మైకు అందుకున్నారు.

"ఇసుంటి పుస్తకం మన దిక్కు ఇంతవరకు రాలె. నేనైతే సూడంగనే పరేషాన్ అయిన."

చప్పట్లు! ఒక్క వాక్యమైనా చదవకుండా మొత్తం పుస్తకాన్ని మెచ్చుకునే సౌకర్యం పాత పుస్తకాల్లో ఎక్కడిది? చదివినట్టు నటించే శ్రమ కూడా లేదు. ఫీలయ్యానంటే చాలు, ఎవరూ ప్రశ్నలడగరు.

వెనక వరసలోంచి నాగరాణి తమ్ముణ్ని చేత్తో పిలిచింది. ఈ రోజు కోసం ఆమె కొత్త చీర కట్టింది. మనవరాలి తెలుగు వాచకం ముందేసుకుని, మరిచిన అక్షరాలన్నీ మళ్లీ నేర్చుకుంది కూడా.

"నా ముచ్చట ఏ పేజీల ఉన్నదిరా తమ్మీ?"

వీరేశం కాలువ పేజీ తీసి ఇచ్చాడు. నీలం రంగులో అక్షరాలు గుండ్రంగా సుడి తిరుగుతున్నాయి, ఒకదాని మీద ఒకటి మునుగుతున్నాయి. నాగరాణి ఒక అక్షరం కింద వేలు పెట్టింది. వేలు సుడి వెంట తిరిగి మొదటికే వచ్చింది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ అంతే. పుస్తకం మూసి, అట్టను కొంగుతో తుడిచి తమ్ముడి చేతికిచ్చింది.

"మంచిగున్నది. నేనే సదువు మర్శిపోయినట్టున్న. గా మూడో తరగతి సదువు ఇంకెన్ని దినాలుంటది."

వీరేశం చెప్పలేక రాశాడు, రాసిందాన్ని చైతన్య కాలువలో కలిపాడు. అక్క చూస్తే తప్పు తనదేనంటోంది. ఏదో అనబోయాడు. అంతలో ఫొటోకు పిలిచి, పుస్తకం ఎదపై పట్టుకుని నవ్వమన్నారు.

కాబట్టి పాఠకులారా, డిజైనర్ పుస్తకం పది కాలాలు వర్ధిల్లాలి! దాన్ని తప్పు పట్టేవారే ఉండరు. చదవలేనివారు తమను తామే తప్పు పట్టుకుని ఇంటికి పోతారు.

సంపాదకుల వారికి మాత్రం ఒక మనవి. ఈ కాలమ్‌కు బొమ్మ వద్దు, రంగు వద్దు. అక్షరాలు పెద్దవిగా, నల్లగా, లైను కింద లైనుగా వేయండి. వీరేశం రాసిన కాగితాల్లోంచి ఈ నాలుగు ముక్కలు చిలుకూరులో ఒకరు చదవాల్సి ఉంది.

"అక్క నన్ను వీపున వేసుకుని కాలువ కట్ట మీద నడిచింది. కాళ్లకు చెప్పులు లేవు. నేను కళ్లు మూయకుండా ఉండాలని దారి పొడుగునా తనకొచ్చిన ఎక్కాలన్నీ చెప్పింది. నేను నేర్చుకున్న మొదటి చదువు అదే. అక్కా, ఆ తర్వాత నేను పోయిన బడి కూడా నీదే."