మామగారి మీద పదకొండు రోజుల ప్రయోగం

“తలుపు రావట్లేదు! వినబడుతోందా?”

నూట నలభై మూడు. కోడలు చేతిలోని కౌంటరు టక్కున నొక్కింది.

“కూర్చోండి,” అంది, లేవబోతున్న భర్తతో. “ఎవరూ అటు చూడొద్దు. చూశారా, పది రోజుల కష్టం నీళ్ళపాలే.”

స్నానాల గది తలుపు దడదడలాడింది. లోపల ఉన్నది మామగారు. ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికొస్తుందో చెప్పిన గొంతు అది. రిటైరై ఐదేళ్ళయినా ఆ గొంతుకి మైకు లేని లోటు ఎవరికీ తెలియలేదు.

కోడలు ప్రవర్తన చికిత్సా కేంద్రంలో ఆరేళ్ళుగా సహాయకురాలు. థెరపిస్టు కావాలంటే చివరి పరీక్ష ఒకటి నెగ్గాలి. ఇంట్లో ఒకరి అలవాటు ఒకటి మార్చి, రోజువారీ లెక్కతో గ్రాఫు గీసి చూపించాలి. నిరుడు ఒకసారి తప్పింది. రెండోసారి తప్పితే మూడో అవకాశం లేదు, జీవితాంతం సహాయకురాలే. సరిగ్గా తొమ్మిదింటికి, అంటే ఇంకో పావుగంటలో, కేంద్రం పెద్ద మేడం స్వయంగా ఇంటికి వస్తోంది.

మార్చాల్సిన అలవాటు కోసం కోడలు ఎక్కువ వెతుక్కోలేదు. మామగారు రోజూ టవలు లేకుండా స్నానానికి వెళ్తారు. ఒళ్ళు తడిశాక “టవలూ!” అని కేకేస్తారు. ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్ళి అందిస్తారు. కేకకి ముందు టవలు లేదు, కేక తరవాత టవలు వస్తుంది. వచ్చేది ఆపేస్తే కేకా ఆగుతుంది. ఆయనే టవలు తీసుకెళ్ళిన రోజు మెచ్చుకోవాలి. అంతే పథకం.

మొదటి రోజు అరవై ఒక్క కేకలు. రెండో రోజు “జారిపడ్డాను!” అన్నారు. అందరూ పరుగెత్తారు. తలుపు సందులోంచి చెయ్యొకటి బయటికొచ్చి, “టవలు” అంది. మూడో రోజు “తలుపు రావట్లేదు!” అన్నారు. మళ్ళీ పరుగులు, మళ్ళీ అదే చెయ్యి. ఆ రోజే కోడలు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పింది. “మాటలు మారతాయి, పని ఒకటే. ఏమన్నా టవలు కోసమే. ఇకమీదట ఎవరూ కదలకూడదు.”

నాలుగో రోజు నుంచి గ్రాఫు మెట్లు దిగినట్టు దిగింది. ఏడో రోజుకి సున్నా. మామగారు ఒళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం, కోడలు “భలే, మీరే తీసుకెళ్ళారు!” అనడం, ఆయన తల దించుకోవడం. వినయం అనుకుంది కోడలు.

ఇవాళ పదకొండో రోజు. ఎనిమిదీ ఇరవైకి మొదలెట్టారు.

“నిజంగానే రావట్లేదేమో,” అన్నాడు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే భర్త, తన కళ్ళజోడు ఏడోసారి తుడుచుకుంటూ.

“మూడో రోజూ ఇదే మాట. ఆగిపోయిన అలవాటు మధ్యలో ఒకసారి తల ఎత్తుతుందండీ. దానికి లొంగామో, నూట యాభైసార్లు అరిస్తే టవలొస్తుందని మనమే నేర్పినట్టు.”

“అది కాదు, టవలు…” అని నాలిక్కరుచుకున్నాడు.

“టవలు ఏమిటి?”

“ఏం లేదు. మంచి టవలు.”

అత్తగారు కూరగాయల కత్తిపీట పక్కకి జరిపి నెమ్మదిగా మాట కదిపింది. “అమ్మాయ్, ఆయన టవలు కోసం అరవట్లేదేమోనే.”

“మీకెలా తెలుసు అత్తయ్యా?”

“నాకెలా తెలుస్తుంది తల్లీ? ఊరికే, నోటికొచ్చి అన్నాను.”

ఇంతలో పక్కింటి టైలరు మెడలో టేపుతోనే వచ్చేశాడు. “ఏమ్మా, పెద్దాయన గొంతు మా కుట్టుమిషను చప్పుడుని మింగేస్తోంది. ఏమైంది?”

“కూర్చోండి బాబాయిగారూ. అటు తిరక్కండి.”

లోపల మామగారు పాత ఉద్యోగంలోకి దిగిపోయారు. “ప్రయాణికులకు గమనిక! స్నానాల గది నుంచి హాలుకి రావలసిన పెద్దమనిషి ముప్పై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నాడు! కలిగిన అసౌకర్యానికి చింతించేవాళ్ళెవరైనా ఉంటే తలుపు తియ్యండి!”

“బయట పదిమంది పోగయ్యారమ్మా,” అన్నాడు టైలరు గొంతు తగ్గించి. “కోడలు మామని గదిలో పెట్టి తాళమేసిందని ఒకరు. లోపల మంటలని ఇంకొకరు. ఎవరో ఫైరింజనుకి కూడా ఫోను కొట్టారు.”

అన్నట్టే వీధిలో గంట గణగణమంది. హెల్మెటు పెట్టుకున్న భారీ మనిషి గొడ్డలితో గడప దాటాడు. “మంటలెక్కడ?”

“మంటల్లేవు సార్, ప్రయోగం. కూర్చోండి, అటు మాత్రం చూడకండి.”

ఉద్యోగంలో చేరాక అతణ్ణి కూర్చోమన్న మొదటి ఇల్లు అదే. మారుమాట లేకుండా కూర్చున్నాడు.

తొమ్మిదింటికి పెద్ద మేడం వచ్చేసరికి, నలుగురు స్నానాల గదికి వీపు పెట్టి వరసగా కూర్చుని ఉన్నారు. ఒకరి ఒళ్ళో గొడ్డలి ఉంది. వాళ్ళ పక్కనే కోడలు, తనూ అటు తిరక్కుండా, చెమటలు కక్కుతూ కౌంటరు నొక్కుతోంది. నూట డెబ్బై ఆరు.

మేడం పొట్టిగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆశ్చర్యపోవడం ఆవిడకి అలవాటు లేదు. “ఏ ప్రవర్తనమ్మా లెక్కపెడుతున్నావు?”

“టవలు కోసం అరవడమండీ.”

“అరవడం వినబడుతోంది. టవలు కోసమని చూశావా, అనుకున్నావా?”

“పది రోజుల గ్రాఫు ఉందండీ. ఏడో రోజు నుంచీ టవలు ఆయనే తీసుకెళ్తున్నారు.”

“వెళ్ళేటప్పుడు చేతిలో చూశావా?”

“వచ్చేటప్పుడు ఉంటుందండీ.”

“నేనడిగింది వెళ్ళేటప్పుడు.”

“ఆ టైములో నేను క్యారేజీ సర్దుకుంటానండీ,” అంది కోడలు. గొంతులో ధీమా సగం పడిపోయింది.

మేడం అందరివైపూ చూసింది. “ఒక మనిషి తలుపు రావట్లేదని నూట డెబ్బై ఆరుసార్లు చెప్పాడు. పెద్ద కారణాలు తరవాత. అన్నిటికన్నా చిన్న కారణం ఏమై ఉంటుంది?”

గొడ్డలాయన బడిలోలా చెయ్యెత్తాడు. “తలుపు రావట్లేదేమోనండీ.”

“చాలా బాగా చెప్పారు,” అంది మేడం.

అందరూ లేచి నడిచారు. తలుపు మీద గ్రాఫు, నాలుగు మూలలా టేపు మెరుస్తూ, కొత్తగా అంటించి ఉంది. దాని పక్కనే బయటి గడియ. పూర్తిగా వేసి ఉంది.

గొడ్డలాయన ఒక్క వేలితో గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది. మామగారు నిలబడి ఉన్నారు, ఎండిన ఒంటితో. నడుముకొక టవలు, భుజం మీదొకటి, తలకొకటి.

“మూడు టవళ్ళా!” అంది కోడలు.

“బకెట్ కింద దాచింది నేనే,” అంది అత్తగారు. “తడి ఒంటితో నిలబడితే ఆయనకి దగ్గు పట్టుకుంటుందే.”

“తలుపు వెనక మేకుకి తగిలించింది నేను,” అన్నాడు భర్త.

“నేను మా కిటికీలోంచి కర్రతో అందిస్తున్నానమ్మా,” అన్నాడు టైలరు. “అరుపులకి కుట్లు వంకర పోతుంటే ఏం చెయ్యను?”

ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కానీ ఆయన అరుస్తున్నది టవలు కోసం కాదని ముగ్గురికీ మొదటి కేకకే తెలుసు. చెబితే దొంగచాటు సాయం బయటపడుతుంది. అందుకే ముగ్గురూ అటు వీపులు పెట్టి కూర్చున్నారు.

“నన్ను మెచ్చుకుంటుంటే కాదనలేకపోయానమ్మా,” అన్నారు మామగారు, తల మీది టవలు తీసి.

మేడం గ్రాఫునీ గడియనీ మార్చి మార్చి చూసింది. “నీ ఇవాళ్టి లెక్క కాగితంలో, కేకకి ముందు ఏం జరిగిందో రాసే గడి ఖాళీగా ఉంది. ఈ గడియ ఎవరు వేశారు?”

“నేనేనండీ, పొరపాటున,” అన్నాడు భర్త వెంటనే.

“వాడి మొహం. నేను వేశాను,” అంది అత్తగారు.

ఇద్దరూ కోడలి వైపు చూడలేదు. చూడకపోవడం పది రోజుల్లో బాగా అలవాటైంది. వాళ్ళలో ఎవరి పేరు రాసినా ఆ గడి నిండుతుంది, పరీక్ష గట్టెక్కుతుంది. కోడలు పెన్ను తీసింది. పొద్దున్న జరిగింది గుర్తొచ్చింది. ఎనిమిదీ పావు. లోపల నీళ్ళ చప్పుడు. లోపలి గడియ వదులై తలుపు ఊగుతుంటే టేపు అంటుకోలేదు. ఊగకుండా తను…

“మనం మనిషిని నిందించం,” అంది మేడం. “అతని చుట్టూ ఏం మారిందో వెతుకుతాం. ఇవాళ ఈయన చుట్టూ మారినదేమిటి?”

కోడలు పెన్ను మూత పెట్టేసింది.

“నేనండీ. గ్రాఫు అంటించడానికి గడియ వేసి, తియ్యడం మర్చిపోయింది నేను.”

“భలే చెప్పావు!” అని మేడం అక్కడికక్కడే మెచ్చుకుంది, మెచ్చుకోలు అరనిమిషం ఆలస్యమైనా పనిచెయ్యదట.